డబ్బా లేని బేస్ గిటార్

చిల్కానగర్ మూడో గల్లీ బోనాల ఉత్సవ కమిటీ ఈ ఏడు ఆషాఢం రాకముందే ఒక తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. కంటికి కనిపించే డబ్బాలోంచి రాని శబ్దాన్ని ఇకమీదట ఈ గల్లీలో శబ్దంగా పరిగణించరు. అధ్యక్షులు భూషణంగారు తీర్మానం చదవగానే సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఏ డబ్బాలోంచి వచ్చాయని ఎవరూ అడగలేదు. మంచి జరుగుతున్నచోట అలాంటి ప్రశ్నలు వేయడం మర్యాద కాదు.

ఈ చారిత్రక తీర్మానానికి కారకుడు మా ఆయన. పెళ్లికి కట్టిన మామిడాకులు గుమ్మం మీద ఇంకా పూర్తిగా ఎండకముందే భర్త మీద ఒక తీర్మానం రావడం ఎంతమంది భార్యలకు దక్కుతుంది? నాకైతే ఆ సాయంత్రం అన్నం కూడా సహించలేదు, సంతోషంతో.

మా ఆయన పేరు నాగేందర్. నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకంటిన జిగురు కడుక్కొని, నేనిచ్చిన చాయ్ తాగి, బేస్ గిటార్ వాయిస్తాడు. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే దీనికి నాలుగే, బాగా లావుగా ఉంటాయి. మా పెళ్లికి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి, మిగతా రెండూ ఎప్పుడు తెగిపోయాయని పరామర్శించి వెళ్లారు. పాటలో దీని పని అడుగున ఉండి మోయడం. ఉప్పులాంటిదన్నమాట. ఉన్నంతసేపూ ఎవరికీ గుర్తుండదు, లేకపోతే వండినవాళ్లకు తిట్లు తప్పవు.

ఈ గిటార్‌కు సొంత గొంతు లేదు. ఊరికే మీటితే దోమకంటే కాస్త గట్టిగా మోగుతుంది, అంతే. దానికి గొంతునిచ్చేది ఆంప్లిఫయర్ అనే పెద్ద డబ్బా. మా గదిలో మంచం, బీరువా పోను మిగిలిన చోట మేమిద్దరం ఉంటున్నాం కాబట్టి, మా ఆయన ఆ డబ్బాను లాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. అంటే సాఫ్ట్‌వేర్. గిటార్ వైరును సబ్బుపెట్టె అంత పరికరానికీ, దాన్ని లాప్‌టాప్‌కూ తగిలిస్తే తెరమీద ఆంప్లిఫయర్ బొమ్మ ప్రత్యక్షమవుతుంది. దానికి నల్లగుడ్డ, తోలు పిడి, తిప్పే గుండీలు, వెలిగే ఎర్రదీపం అన్నీ ఉంటాయి. అసలు డబ్బా ఎలా మోగుతుందో ఎవరో మహానుభావులు కూర్చుని లెక్కగట్టారు, ఈ బొమ్మ అచ్చం అలాగే మోగుతుంది. బొమ్మ ముందు ఒక మైకు బొమ్మ కూడా ఉంటుంది. మౌస్‌తో దాన్ని అటూఇటూ జరిపితే శబ్దం మారుతుంది.

లేని స్పీకరు ముందు లేని మైకును వేలెడు జరిపి "ఇప్పుడెట్లుంది?" అని అడిగే మనిషిని కట్టుకున్నానేమిటి తల్లీ అని మొదట్లో అనుకున్నాను. కొద్దిరోజులకే "జర ఎడమకు జరుపు బావా, మస్తు మబ్బు మబ్బుగున్నది" అని నేనే పురమాయించడం మొదలైంది. మా ఇంట్లో హెడ్‌ఫోన్స్ ఒక్కటే ఉంది. ఇద్దరూ వినాలంటే చెరో చెవికీ పెట్టుకుని చెంపకు చెంప ఆనించక తప్పదు. ఈ టెక్నాలజీని కొత్త దంపతుల క్షేమం కోరి కనిపెట్టారని నా దృఢమైన నమ్మకం. ఇంకొక హెడ్‌ఫోన్స్ కొందామని ఆయన అన్నప్పుడల్లా నాకు పొయ్యిమీద ఏదో గుర్తొస్తుంది.

ఇంత ఆనందంగా ఉన్న ఇంట్లో కష్టం మా మామగారి రూపంలో ఉంది. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా గండయ్య అంటే తెలియనివారు లేరు. ఒకప్పుడు ఆయన నాన్నగారు జొన్నలు పండించిన చోట ఇప్పుడు ఆయన టెంట్ హౌస్ గోదాము ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తారు. కానీ ఆయన కీర్తి అంతా సౌండ్ డబ్బాల మీద నిలబడి ఉంది. మా వైపు బరాత్ జరిగితే పెళ్లికొడుకు ఏం చదివాడని ఎవరూ అడగరు, బండిమీద ఎన్ని డబ్బాలు పేర్చారని అడుగుతారు. డబ్బాల గోడ రెండో అంతస్తు బాల్కనీని తాకితే ఆ సంబంధం మంచిదని అర్థం. అలాంటి ఇంటి వారసుడు డబ్బా లేకుండా వాయించడం ఎంత అప్రతిష్ఠో మీరే ఊహించుకోండి.

"డబ్బా ఏదిరా?" అన్నారు మామగారు, ఒకనాడు మా గది గుమ్మంలో నిలబడి.

"గిదే నాయినా."

"గిది లాప్‌టాప్."

"డబ్బా లోపల ఉన్నది."

"గంత డబ్బా గింత దాంట్ల ఎట్ల వడ్తదిరా?"

"బొమ్మ నాయినా. బొమ్మనే మోగుతది."

మామగారు కొడుకును వదిలి నావైపు తిరిగారు. "బిడ్డా హిమజా, నువ్వు డిగ్రీ సదివిన పిల్లవు. వీడు ఏమంటుండో నీకన్న సమజైతుందా?"

"అయితది మామా. మంచిగ మోగుతది."

"మరి నాకెందుకు ఇనవడ్తలేదు?"

"హెడ్‌ఫోన్స్ వెట్టుకోవాలె."

"ఊరందరికీ సౌండిచ్చిన ఇంట్ల పుట్టి, సౌండును చెవుల దోపుకొని దొంగలెక్క ఇంటర్రా? ఇజ్జత్ ఉండాలె!"

వంటింట్లోంచి మా అత్తమ్మ శంకరమ్మ అందుకుంది. "పొద్దుందాక కంపెనీల డబ్బాలే జేస్తడు. ఇంటికి మాత్రం ఒక్క డబ్బా తేడు. ఏం కొడుకువురా నాయినా!"

ఇంతలో ఉత్సవ కమిటీకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పక్క గల్లీవాళ్లు కిందటేడు తమ ఫలహారం బండి ఊరేగింపుకు సొంతంగా పాట చేయించుకున్నారు. అమ్మవారికి ఫలహారం మోసుకెళ్లే బండి మన గల్లీ నుంచి అద్దె పాటలతో వెళ్తే అమ్మవారి ముందు మన పరువేం కాను? అందువల్ల మనకూ సొంత పాట కావాలి. పాట తయారీ బాధ్యతను అంబర్‌పేట్‌లో మొబైల్ షాపు వెనక రికార్డింగ్ స్టూడియో నడిపే పవన్‌కుమార్‌కు అప్పగించారు. ఆయన డప్పులు, గొంతు అన్నీ రికార్డు చేశాడు. బేస్ మాత్రం గల్లీ కుర్రాడైన మా ఆయనకు వదిలాడు.

ఆ మాట విన్న రోజు మా ఆయన నాచారం నుంచి స్కూటర్ మీద పాడుకుంటూ వచ్చాడు. కాలేజీ రోజుల నుంచి వాయిస్తున్నాడు. ఇన్నేళ్లకు ఆయన్ని విన్న మొత్తం శ్రోతలు ఒకరు, అదీ ఆయనే. పెళ్లయ్యాక ఇద్దరు. "ఒక్కసారి హిమజా," అన్నాడు, "రోడ్డు మీద, జనం నడుమ, నా బేస్ మోగాలె. జనానికి కాళ్ల నుంచి ఎక్కాలె. ఒక్కసారి చాలు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు చూసి, ఇది జరగకపోతే ఈ ఇంట్లో నేను సుఖంగా ఉండలేనని నాకు అర్థమైంది. వారం పాటు మైకు బొమ్మను జరుపుతూనే ఉన్నాం.

తయారైన పాటను పరిశీలించడానికి కమిటీ భూషణంగారి ఇంటి వరండాలో సమావేశమైంది. పరిశీలన శాస్త్రీయంగా జరిగింది. భూషణంగారు తమ ఫోన్‌ను ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి పాట పెట్టారు. ఫోన్ స్పీకరు చిటికెన వేలి గోరంత ఉంటుంది. అందులోంచి బేస్ రావాలంటే చీమ అంబారీ మోయాలి. డప్పులు వినిపించాయి, గొంతు వినిపించింది, గ్లాసు కూడా వినిపించింది. బేస్ వినిపించలేదు.

"గిండ్ల నాగేందర్ ఏం వాయించిండు?" అన్నారు భూషణంగారు.

"హెడ్‌ఫోన్స్‌ల ఇనుండ్రి అన్నా, ఇనవడ్తది," అన్నాడు మా ఆయన.

"అమ్మవారు హెడ్‌ఫోన్స్ వెట్టుకుంటదానోయ్?"

కమిటీ సభ్యులు నిపుణుల అభిప్రాయం కోసం పవన్‌కుమార్ వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు. "సాఫ్ట్‌వేర్ అన్నా. సాఫ్ట్‌వేర్‌ల గర్మీ ఉండదు. అసలు డబ్బాల ట్యూబులుంటయి, వేడెక్కుతయి. ఆ వేడి సౌండ్‌ల తెలుస్తది." రుజువు కోసం ఆయన మేం వెంట తెచ్చిన లాప్‌టాప్ కింద చెయ్యి పెట్టి చూశాడు. అప్పటికి రెండు గంటలుగా నడుస్తున్న లాప్‌టాప్ చపాతీ పెనంలా కాలుతోంది. ఆయన చటుక్కున చెయ్యి తీసి, ఊదుకుంటూ, "చూసిన్రా, గిది ఆ గర్మీ కాదు," అన్నాడు.

ఆ వెంటనే, మొదట్లో చెప్పిన తీర్మానం పుట్టింది. దానికి అనుబంధంగా మరొకటి: వారంలోగా నాగేందర్ నిజమైన డబ్బా పెట్టి వాయించాలి, లేనిచో బేస్ తొలగించి ఆ స్థానంలో సైరన్ పెట్టబడును. సైరన్ ఫోన్‌లో బాగా వినిపిస్తుంది.

ఆ సాయంత్రం మా ఆయన గిటార్‌ను సంచీలో పెట్టి జిప్పు వేసేశాడు. హెడ్‌ఫోన్స్ బీరువా మీద పడేశాడు. నేను మిర్చీ బజ్జీలు తెచ్చినా ముట్టలేదు. ఉప్పల్ మిర్చీలను కాదన్న మనిషిని నేనంతకుముందు చూడలేదు. "సైరనే వెట్టుకోనీ తియ్," అన్నాడు గోడకేసి తిరిగి.

మర్నాడు పొద్దున్నే నేను గోదాముకు వెళ్లి మామగారిని ఒక డబ్బా అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. కొడుకు దారికొచ్చాడనుకున్నారు.

"మోగే డబ్బాలు అన్నీ బోనాలకు బుక్కయినయి బిడ్డా. గా మూలకున్నయి సూడు, గండ్లకెల్లి ఏదన్న తీస్కో. నువ్వు లేపకు, మనిషిని పిలుస్త."

ఆయన పిలిచేలోగా ఎంత బరువుంటుందో చూద్దామని చెయ్యి వేశాను. గ్యాస్ సిలిండరును జరపలేని దాన్ని, నా భుజాలెత్తున ఉన్న డీజే డబ్బాను ఒంటిచేత్తో లేపేశాను. పెళ్లయ్యాక నాకు ఇంత బలం ఎప్పుడొచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను. పక్కదాన్ని లేపాను. అదీ లేచింది. వెనక్కి తిప్పి చూస్తే లోపల ఒక బల్లి ఉంది. స్పీకరు లేదు.

"మామా, గిండ్ల ఏం లేదు."

"లేదు."

"దాంట్ల?"

"దాంట్ల సుత లేదు." మామగారు గేటు వైపు చూసి గొంతు తగ్గించారు. "బండి మీద పేర్సిన గోడల కింది వరుసనే మోగుతది బిడ్డా. మీదియన్ని ఉత్తయే. ముందల ఇనుప జాలి, గుడ్డ ఉంటయి, వెనక చెక్క ఉంటది. జనం చెవులతోని ఇంటరా? కండ్లతోని లెక్కవెడ్తరు. అన్నిట్ల సామాను వెడితే నా బండి యాక్సిల్ ఇరుగుతది."

"ఎవ్వరు పట్టుకోలేదా?"

"పట్టుకునుడా? పోయినేడు మీది వరుసకు ఇంకో నాలుగు ఉత్తయి ఎక్కిస్తే, భూషణమే వచ్చి 'గండయ్యా, ఈసారి గుండెలదిరినయి' అని శాలువా కప్పిండు."

నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే అన్నాను: "అయితే మామా, మీ దగ్గర డబ్బా ఉన్నది, సౌండు లేదు. బావ దగ్గర సౌండు ఉన్నది, డబ్బా లేదు. రెండు ఒక్క తాన వెడితే అయిపాయె గదా!"

మామగారు నన్ను చూశారు. తర్వాత ఆ డబ్బాను చూశారు. ఆ తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. ఎంతగా నవ్వారంటే ఒక కుర్చీ లాక్కుని కూర్చోవాల్సి వచ్చింది. "వాడు నా కొడుకే," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "నేనింకా ఎవరికి వుట్టిండో అనుకుంటున్న."

తండ్రీకొడుకులు కలిసి ఏదైనా చేయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి అని అత్తమ్మ చెప్పింది. మామగారు డబ్బాకు కొత్త నల్లగుడ్డ కొట్టారు. మా ఆయన లాప్‌టాప్‌లో బొమ్మను చూపిస్తుంటే, ఆయన అచ్చం అలాగే గుండీలు బిగించారు. ఆ గుండీలు పాత కుక్కర్ల మూతలవి. లోపల పండగ లైట్ల నుంచి తీసిన ఒక ఎర్ర బల్బు వేలాడదీశారు. అసలు డబ్బాను చూసి ఎవరో బొమ్మ గీశారు, ఆ బొమ్మను చూసి మేం మళ్లీ డబ్బా చేశాం. ఈ మధ్యలో మోగడం ఒక్కటే తగ్గింది. మా ఆయన మాత్రం సంచీ జిప్పు తీశాడు. నాకదే చాలు.

తనిఖీకి కమిటీ మా గదికి విచ్చేసింది. సభ్యులు కొందరు మంచం మీద కూర్చున్నారు, మిగతావాళ్లు గుమ్మంలో, అధ్యక్షులు బీరువాకు ఆనుకుని నిలబడ్డారు. గిటార్ వైరును డబ్బా వెనక రంధ్రంలో దోపి ఉంచాం. లాప్‌టాప్‌ను దిండు కింద పెట్టాం. ఎర్ర దీపం వెలుగుతోంది. భూషణంగారు నిమ్మకాయతో దిష్టి తీసి, కొబ్బరికాయ కొట్టి, ఈ క్రింది విధంగా ప్రసంగించారు:

"ఈ సందర్భంగా నేను మనవి చేసేదేమిటంటే, శబ్దం అనేది మన సంస్కృతి. డబ్బా అనేది దానికి దేహం. దేహం లేని ఆత్మను మనం ఏమంటం? దయ్యం అంటం. దయ్యాన్ని ఊరేగింపుల వెట్టుకుంటమా? మన నాగేందర్ తమ్ముడు తప్పు తెలుసుకొని దేహంల ప్రవేశించినందుకు కమిటీ తరఫున హర్షం వ్యక్తం జేస్తున్న."

తర్వాత ఈ డబ్బాతో మళ్లీ వాయించిన పాట వినిపించమన్నారు. మా ఆయన వారం కిందట పంపిన పాటనే మళ్లీ వాట్సాప్‌లో పంపాడు. ఫైలు పేరు కూడా మార్చలేదు. అదే ఫోన్, అదే స్టీలు గ్లాసు. తేడా ఒక్కటే, ఈసారి అందరూ డబ్బాను చూస్తూ విన్నారు.

పాట మొదలవగానే ముందున్న సభ్యుడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఇంకొకాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఆయనకు స్టెంట్ ఉందట. అత్తమ్మకు సంగతంతా తెలుసు, అయినా చెవుల్లో దూది పెట్టుకుంది. "గోడ అదురుతుంది" అని ఎవరో అన్నారు. భూషణంగారు గోడను తాకి ధ్రువీకరించారు. పవన్‌కుమార్ డబ్బా దగ్గరికి వెళ్లి మీద అరచెయ్యి ఆనించాడు. లోపల పండగ బల్బు అప్పటికే చాలాసేపటి నుంచి వెలుగుతోంది. చెక్క నులివెచ్చగా ఉంది.

"గిదీ!" అన్నాడు, అరచెయ్యి తీయకుండానే. "గిదీ గర్మీ అంటే!" ఆ తర్వాత, "అన్నా, జర తగ్గించు, స్పీకరు పగుల్తది," అని మా ఆయనను కోరాడు. మా ఆయన ఒక కుక్కరు మూత గుండీని ఎడమకు తిప్పాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బేస్ ఆమోదం పొందింది. సైరన్ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నారు.

ఊరేగింపు నాడు మామగారి బండి మీద డబ్బాల గోడ కరెంటు తీగలను పలకరించే ఎత్తున లేచింది. గల్లీ మలుపులో ఒక అధికారి బండిని ఆపారు. శబ్దం పరిమితి దాటుతోందని, సగం డబ్బాలు దించితేగాని కదలనివ్వనని అన్నారు. అప్పటికింకా పాట మొదలుపెట్టలేదు. మామగారు చేతులు కట్టుకుని, "మీ మాట కాదంటనా సార్," అని, పైవరుసలన్నీ ఒక్కొక్కటిగా దింపించారు. అధికారి ప్రతి డబ్బాకూ తల ఊపుతూ నిలబడ్డారు. చివరిది దిగాక చెవి పక్కన చెయ్యి పెట్టి విని, "ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది," అని వెళ్లిపోయారు. కమిటీ సభ్యుల ముఖాలు వాడిపోయాయి. "సగం సౌండ్ వాయె," అని భూషణంగారు తుండుగుడ్డతో కళ్లొత్తుకున్నారు.

అప్పుడు కింది వరుసలో మిగిలిన నిజమైన డబ్బాల్లోంచి పాట మొదలైంది. మొదట డప్పు. తర్వాత గొంతు. ఆ తర్వాత, నేల అడుగునుంచి వచ్చినట్టుగా, మా గదిలో చెంపకు చెంప ఆనించి విన్నది. చెవికంటే ముందు కాళ్లకు తెలిసింది. పోతురాజు చిందు ఒక్కసారిగా నాలుగు తీగల వెంట పడింది. బోనాలెత్తుకున్న ఆడవాళ్ల నడక దానితో కలిసింది. డబ్బాలు తగ్గాయని ఏడుస్తున్న భూషణంగారి కుడికాలు కూడా, ఆయనకు తెలియకుండానే, లెక్క తప్పకుండా ఆడుతోంది. మా ఆయన జనం మధ్యలో కదలకుండా నిలబడి ఉన్నాడు. నేను పక్కకు వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఎవరు వాయించారని ఒక్కరూ అడగలేదు. ఎవరైనా అడగాలని ఆయనకూ లేదు. ఉప్పును ఎవరు పొగుడుతారు?

పండగ తర్వాత ఆదివారం కమిటీ అభినందన సభ జరిపింది. పాట విజయానికి మూలకారణమైన వారిని సత్కరిస్తామని ఫ్లెక్సీలో వేశారు. మా ఆయనకు నేనే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేశాను. తీరా చూస్తే సత్కారం డబ్బాకు. మా గదిలోంచి నలుగురు భక్తిగా మోసుకెళ్లారు, ఇంత బరువేమిటని ఆయాసపడ్డారు కూడా. వేదిక మీద ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు కూర్చున్న వరుసలోనే దానికీ ఒక కుర్చీ వేశారు. దండ వేశారు. శాలువా కప్పారు. వేదిక మీదున్న పెద్దలందరూ తలా అరగంట మాట్లాడారు. డబ్బా ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు అన్నింటికంటే అర్థవంతమైన ప్రసంగం దానిదేనని జనం తర్వాత చెప్పుకున్నారు.

"బాధయితుందా బావా?" అని అడిగాను.

"ఎందుకు?" అన్నాడు మా ఆయన. "మోగింది గదా." నిజంగానే ఆయన ముఖంలో బాధ లేదు. కొత్త పాటకు ఒక వరుస దొరికిందని కుర్చీ చేతి మీద వేళ్లతో మీటుతున్నాడు.

నా మరో పక్కన కూర్చున్న అత్తమ్మ కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చింది. అందరికీ దండలు, అందరికీ శాలువాలు, అందరూ కదలకుండా కూర్చున్నారు. వేదికను ఈ చివర నుంచి ఆ చివర దాకా చాలాసేపు చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"పిల్లా, గండ్ల మన డబ్బా ఏది?"

చూపించాలని నేనూ చాలాసేపే వెతికాను. ముందు వరుసల్లో మీరంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుండడం వల్ల సరిగా కనిపించలేదు.